చచ్చిన చెవిలో మా రమణమ్మ గొంతు

నాకు దెయ్యాల మీద నమ్మకం ఎప్పుడూ లేదు. చీపురుపల్లి వైపు ఒక జూట్ మిల్లులో ఇరవై రెండేళ్లుగా మగ్గాల దగ్గర పనిచేస్తున్నాను. ఆ మోతలో దెయ్యం వచ్చి పక్కనే అరిచినా వినపడదు. అందుకే మేమందరం పెదాలు కదిపి, చేతులు ఊపి మాట్లాడుకుంటాం. నా భార్య రమణమ్మదీ అదే మిల్లు. ఇంట్లో కూడా సగం మాటలు గొంతు లేకుండానే అనుకుంటాం.

నా ఎడమ చెవిలోంచి చిన్నప్పటి నుంచీ చీము కారేది. వెల్లుల్లి వేసి కాచిన నూనె పోసుకోవడం మా ఇంటి వైద్యం. నూనె పొయ్యొద్దని, తడి తగలనివ్వొద్దని డాక్టర్లు చెప్పినా వినలేదు. మొండితనం. చివరికి ఆ చెవి పనిచేయడం మానేసింది.

కర్ణభేరికి చిల్లు పడిందని విజయనగరంలో చెవి డాక్టరు చెప్పాడు. ఆపరేషన్‌తో చిల్లు పూడ్చొచ్చు, కానీ లోపల నరం బతికుంటేనే వినికిడి వస్తుందట. అది తేల్చడానికే పరీక్ష.

మేడ మీద, బీరువా కంటే కొంచెం పెద్దదైన గది. బయటి శబ్దం దూరదు. మందపాటి తలుపు, చిన్న అద్దం. చెవులకి హెడ్‌ఫోన్ పెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా బటన్ నొక్కమని చెప్పి పరీక్ష చేసే అమ్మాయి తలుపు వేసింది. కుడిచెవి అయింది. ఎడమ చెవి మొదలుపెట్టబోతుంటే కరెంటు పోయింది.

చిమ్మచీకటి. హెడ్‌ఫోన్ తీసేసి తలుపు తోశాను, రాలేదు. ఇంకొకరైతే వెంటనే అరిచేవారు. నేను మిల్లు మనిషిని కదా, అద్దం ముందు నిలబడి చేతులు ఊపాను. ఆ చీకట్లో ఎవరికి కనిపిస్తాయి? ఆ సంగతి తట్టి అరిస్తే, నా కేక ఆ గది దాటి పోలేదు. ఊపిరి అందలేదు. ఇక్కడే పోతానని నిజంగా భయపడ్డాను.

అప్పుడు ఎడమ చెవిలో, స్పష్టంగా, రమణమ్మ గొంతు వినిపించింది.

"మావా, కంగారు పడకు. గోడకి ఆనుకొని కూకో. వస్తన్నారు."

కూర్చున్నాను. ఊపిరి కుదుటపడింది. కాసేపటికి తలుపు తీశారు. గడియ బిగుసుకుపోయిందట.

నాతో వచ్చిన రమణమ్మ కింద మందుల షాపు ముందు బెంచీ మీద ఉంది. పైకి వచ్చావా అని అడిగాను.

"నానెందుకొస్తాను మావా? కరెంటు పోయిందని ఇక్కడే కూకొని పెదాలతో అనుకున్నాను."

"ఏటనుకున్నావు?"

ఆమె గొంతు లేకుండా పెదాలు కదిపింది. గోడ, కూకో, వస్తన్నారు. అవే మాటలు.

కరెంటు వచ్చాక మళ్లీ పరీక్ష చేశారు. ఎంత పెద్ద శబ్దం పెట్టినా ఎడమ చెవికి ఒక్కటీ వినపడలేదు. నరం పూర్తిగా పోయిందని, ఆపరేషన్ చేస్తే చీము ఆగుతుందే గాని వినికిడి రాదని డాక్టరు తేల్చేశాడు. గొంతు విన్న సంగతి చెబితే, భయంలో అలా అనిపిస్తుందన్నాడు. అయ్యుండొచ్చు. మరి మాటలు ఎలా కలిశాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

సెలవురోజు మధ్యాహ్నాలు కుడిచెవిలో దూది కుక్కుకుని, రమణమ్మకి వీపు పెట్టి కూర్చుంటాను. పెదాలతో ఏదైనా అనమంటాను. మళ్లీ ఆ గదిలో పడినట్టే ఊపిరి బిగుస్తుంది. ఇక ఆగలేక వెనక్కి తిరిగేసరికి ఆమె చెప్పడం అయిపోయి ఉంటుంది. నా ముఖంలోకి ఆశగా చూస్తూ ఉంటుంది.

ఏమన్నావని ఒక్కసారీ అడగలేకపోయాను. విన్నానని తలూపుతాను.