బొగ్గు కూపులో గంగవాయిలి కూర

1943 వేసవిలో నన్ను నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు అవతల, అహోబిలం అడవిలోని ఒక బొగ్గు కూపుకు ఫారెస్టరుగా వేశారు. ఫారెస్టరంటే గార్డుకు పైన, రేంజరుకు కింద. కూపంటే చెట్లు నరికి బొగ్గు కాల్చడానికి హద్దు గీసిన అడవి ముక్క. యుద్ధం వల్ల పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడిచేవి.

నేను కనబడితే కూలీల మాటలు ఆగిపోయేవి. నంద్యాల గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న పుస్తకాలను గుడిసెలో పైకి చదువుకొనేవాణ్ణి, మనిషి గొంతు ఒకటి వినబడుతుందని.

మేస్త్రి ఓబన్న భార్య లక్షుమ్మ చంటిబిడ్డ తల్లి. ఆమె చిగుళ్ల నుంచి రక్తం కారసాగింది. మోకాళ్లు వాచి లేవలేకపోయింది. నెలల తరబడి జొన్న సంకటి, ఎండుమిరప కారం తప్ప పచ్చనిదేదీ తినలేదు. ఓడల మీద ఆకుకూరలు, పండ్లు లేక నావికులకు ఇదే జబ్బు వచ్చేదని నేను చదివి ఉన్నాను.

నీళ్ల కోసం వాగులో తవ్విన చెలమ పక్క తడి ఇసుకలో గంగవాయిలి కూర పరచుకొని ఉంది. మందమైన నున్నని ఆకు, ఎర్రటి కాడ, చిన్న పసుపు పువ్వు, నమిలితే పులుపు. దానిలో కలిసి, చూడ్డానికి అలాగే ఉండే, తినకూడని నానబాలు కూడా పెరుగుతుంది. కాడ తుంచితే గంగవాయిలికి నీరే వస్తుంది. పాలు కారితే పారేయాలి. ఓబన్నకు నావికుల కథతో సహా అంతా వివరించాను.

అతను చేతులు వెనక్కి పెట్టుకొన్నాడు. "కోస్తే కేసు రాస్తావు గద సామీ. ఈతపండ్లు ఏరినందుకే గార్డు రాసినాడు."

గుడిసెలో నుంచి లక్షుమ్మ అంది: "ఆకు మాకు తెలీకనా? మా చేన్లో యాడ జూసినా అదే. నువ్వే మాకు తెలీవు సామీ."

రిజర్వు అడవిలో పర్మిట్ లేకుండా కోయడం నేరమే. పర్మిట్ ఇవ్వవలసిన రేంజరు నంద్యాలలో ఉన్నాడు. నేనే కోశాను. కొంత లక్షుమ్మ నమలడానికి పచ్చిగా ఉంచి, మిగతాది వాళ్ల పొయ్యి మీదే నా కందిపప్పులో వేసి వండి, అందరి ఎదుటా ముందు నేను తిన్నాను.

"ఫారెస్టరే దొంగైనాడు, ఇంగ మనకేం బయం! పెట్టుబ్బా," అని ఓబన్న నవ్వాడు.

ఆ తర్వాత వాళ్లే కోసుకొన్నారు. రేంజరుకు సంగతి రాసి పంపాను; జవాబు రాలేదు.

కొన్ని వారాలకు లక్షుమ్మ చిగుళ్లు గట్టిపడ్డాయి. బిడ్డను చంకనేసుకొని నడవగలిగిన రోజునే ముఠా మూటలు కట్టింది.

"గార్డు కేసు రాసినపుడే పోదామనుకుంటిమి. ఆమె లేవలేకనే ఈడ ఆగింటిమి సామీ," అన్నాడు ఓబన్న.

కంట్రాక్టరు వేరే ముఠాను పంపేదాకా కూపులో నేనొక్కణ్ణే ఉన్నాను.

అటు తర్వాత ఎక్కడికి వేసినా, కూలీలు దిగిన రోజే వాళ్లను నీటి దగ్గరికి తీసుకువెళ్లి మొదటి ఆకు నేనే కోసేవాణ్ణి. తినే ఆకు ఏదన్నది పుస్తకంలో దొరుకుతుంది. కోసుకోవచ్చన్న మాట మాత్రం ఖాకీ వేసుకున్నవాడే చెప్పాలి.