వేలు చూడకుండా

వకుళకు చిన్నప్పటి నుంచీ ప్రశ్నంటే భయం. జవాబు తెలియకపోవడం గురించి కాదు ఆ భయం. అడిగినవాళ్ళు నోరు మూసుకుని మన ముఖంలోకి చూస్తారే, ఆ చూపుకూ మన మాటకూ మధ్య కాస్త ఎడం ఉంటుంది. ఆ ఎడం ఆమెకు గట్టులేని బావిలోకి తొంగిచూసినట్టుండేది. బడిలో పంతులమ్మ "నువ్వు చెప్పు వకుళా" అంటే అరికాళ్ళు చల్లబడేవి. అదే పంతులమ్మ పద్యం అప్పజెప్పమంటే మాత్రం గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పి కూర్చునేది.

పుట్టిన ఇల్లు అటువంటిది మరి. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి దగ్గరగా ఒక సందులో ఉంటారు. నాయన సంపత్కుమార్ గుడి గోష్ఠిలో నలుగురితో గొంతు కలిపి ప్రబంధ పాశురాలు చదివే మనిషి. చదువుతాడని లోకం అంటుందిగానీ ఆయన పుస్తకం తెరవగా చూసినవాళ్ళు లేరు. చిన్నతనంలో గురువు దగ్గర సంత చెప్పుకున్నాడు. గురువు ఒకసారి పలికితే శిష్యుడు రెండుసార్లు పలకాలి, అదే స్వరంతో, అదే విరుపుతో. అక్షరం జారకూడదు, మాట మారకూడదు. అర్థం సంగతి తర్వాత. ఇక గోష్ఠిలో నిలబడ్డాక ఒకరికి మాట తప్పితే పక్కవాడు అందుకుంటాడు. "ఎవరు మరిచిపోయిందీ పెరుమాళ్ళకు గూడా తెలీదు" అని నవ్వేవాడు సంపత్కుమార్. ఆడపిల్లకు సంత లేదు. అయినా తలుపు వెనక కూర్చుని వినీ వినీ వకుళ సగం నేర్చేసుకుంది.

పెద్దయ్యాక వినికిడి పరీక్షల చదువు చదివి, ఊళ్ళోనే ఒక ఆసుపత్రిలో చేరింది. అద్దానికి అవతల రోగి, ఇవతల వకుళ. రోగి చెవులకు తగిలించిన దాంట్లోకి ఈమె బొత్తాం నొక్కి చప్పుడు పంపుతుంది. వినిపిస్తే అతను చెయ్యెత్తాలి. అక్కడ అడిగేది ఆమె, జవాబు చెప్పేది ఇంకొకరు. అందుకే ఆ గదిలో ఆమె గుండె నిమ్మళంగా కొట్టుకునేది.

ఆ గదికి నగరి నుంచి పవర్‌లూమ్ మగ్గాల మీద పనిచేసేవాళ్ళు వస్తుండేవారు. నలభై నిండకుండానే సగం చెముడు. ఎవరి పరీక్ష కాగితం చూసినా గీత ఒకేచోట గుంటలో పడ్డట్టు దిగిపోయేది. చెవి పోయాక కొలవడమేనా, పోకముందే ఆపే దారి లేదా అని ఆమెకు అనిపించేది. ఆ చదువు కోసమే బ్రిటన్ అనుకుంది. రెండు విశ్వవిద్యాలయాలు సీటిస్తామన్నాయి. ఒకటి లండన్ అంచున ఉంది. అక్కడిచ్చేది ఆసుపత్రుల నిర్వహణ చదువు. రెండోది ఉత్తరాన సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊళ్ళోది. అక్కడ చెవుల చదువే ఉంది, ఫ్యాక్టరీల రొద కొలిచే ల్యాబు కూడా ఉంది.

ఏది ఎంచుకోవాలో కన్సల్టెన్సీ నడిపే రవిచంద్ర చెప్పేశాడు. "లండన్ మేడమ్. ఇంకో మాట లేదు. మన తిరుపతి పిల్లోళ్ళు ఆరుమంది ఒకే ఇంట్లో ఉండారు. ఆ రెండోదాంట్లో చలికి ఎముకలు పట్టేస్తాయి. తెలుగు మాట వినాలంటే ఫోనే దిక్కు."

వకుళ తల్లి నారాయణి దానికి ఇంకాస్త తోడేసింది. "ఆడ చలికాలంలో మధ్యాన్నం మూడున్నరకే పొద్దు గూకుతాదంటనే. దీపం పెట్టే వేళకు అర్ధరాత్రిలా ఉంటాదంట."

వకుళ లండన్ అంది. ఎంచుకుని అనలేదు. భయం ఎటు తక్కువగా కనిపిస్తే అటు ఒరిగింది, అంతే.

వీసాకు కాగితం ఇచ్చే ముందు విశ్వవిద్యాలయంవాళ్ళు కంప్యూటర్‌లో ముఖాముఖి మాట్లాడతారు. మా చోటే ఎందుకు ఎంచుకున్నారు, ఈ చదువే ఎందుకు అని అడుగుతారు. రవిచంద్ర జవాబులు అచ్చేయించి చేతిలో పెట్టాడు. "ఇవి బట్టీ పడితే చాలు మేడమ్, ఇంతకు మించి అడగరు."

బట్టీ అనే మాట వినగానే సంపత్కుమార్ లేచి కూర్చున్నాడు. "ఇంతేనా! ఇది మన ఇంటి పనే గదమ్మా!"

ఆయనకు ఇంగ్లీషు రాదు. ఆయన సంతకు ఆ అడ్డం ఎక్కడిది? కూతురు ఒకసారి చదివింది, ఆయన రెండుసార్లు పలికాడు. తర్వాత ఆయన ఒకసారి, కూతురు రెండుసార్లు. మీ నగరం 'డైవర్స్ అండ్ వైబ్రెంట్' కనుక నాకిష్టం అనేది మొదటి జవాబు. దాని చివర పాశురం ముగించినట్టు స్వరం పైకి లేపి దించేవాడు. వారం తిరక్కుండా తండ్రీకూతుళ్ళ నోళ్ళలో ఆ కాగితం మొత్తం కరిగిపోయింది.

"పెరుమాళ్ళకు ఇంగ్లీషు పాశురాలు ఎప్పట్నుంచి?" అని వంటింట్లోంచి దెప్పింది నారాయణి.

"నువ్వు ఊరుకో. బిడ్డకు మాట తప్పకూడదు" అన్నాడాయన.

ముఖాముఖి ఒక మధ్యాహ్నం పూట జరిగింది. తెర మీద పల్చని గడ్డం మనిషి, మర్యాదగానే పలకరించాడు. మా విశ్వవిద్యాలయమే ఎందుకని అడిగాడు. ప్రశ్నలో చివరి మాట పూర్తికాకముందే వకుళ జవాబు మొదలైంది, మొదలైనట్టే ముగిసింది. ఆయన ఏదో రాసుకున్నాడు. రెండోదీ అంతే, మూడోదీ అంతే. అప్పుడాయన కలం పక్కన పెట్టి, కాగితంలో లేనిది అడిగాడు. ఉండబోయే ఇంటి నుంచి రోజూ తరగతికి ఎలా వస్తారు?

బావి నోరు తెరిచింది. ఆయన చూస్తున్నాడు. ఇంకా చూస్తున్నాడు.

అంతలో తలుపు వెనక నుంచి, మెల్లగా, స్థిరంగా, గోష్ఠి స్వరంలో వినిపించింది: "డైవర్స్ అండ్ వైబ్రెంట్..."

బిడ్డకు మాట తప్పిందని నాయన అందుకున్నాడు.

తెర మీది మనిషి తలెత్తాడు. ఆ గదిలో ఇంకెవరైనా ఉన్నారా అని అడిగాడు. లేరంది వకుళ. భయం ఆడించిన అబద్ధం అది. ఆయన మొదటి ప్రశ్నకు జవాబు ఈసారి మీ సొంత మాటల్లో చెప్పండి అన్నాడు. ఆమె చెప్పింది. అక్షరం జారకుండా, మాట మారకుండా, మొదటిసారి కన్నా బాగా చెప్పింది.

"రెండోసారి చెప్పమన్నాడంటే కుదిరిందనే గదా!" అని సంపత్కుమార్ ముఖం వెలిగించుకుని బయటికొచ్చాడు. కూతురు ముఖం చూశాక ఆ వెలుగు ఆరిపోయింది.

జవాబు రెండు రోజుల్లో వచ్చింది. చెప్పినవన్నీ కంఠస్థం చేసినట్టున్నాయి, వేరే మనిషి గొంతు వినిపించింది, మరొక్క అవకాశం మాత్రమే ఇవ్వగలం. వకుళ అప్పటికే ఆసుపత్రిలో రాజీనామా ఇచ్చేసింది, నెలాఖరుదాకే పని. తన కుర్చీలోకి నవీన అనే అమ్మాయి రాబోతోందని అప్పుడే అనుకున్నారు కూడా. ఆ పూట సంపత్కుమార్ గోష్ఠికి వెళ్ళొచ్చి, అన్నం దగ్గర కూర్చుని, కలిపిన ముద్ద విస్తట్లోనే ఉంచి లేచాడు. తనకీ ఇవాళ మాట తప్పిందని, పక్కాయన అందుకున్నాడని భార్యతో మెల్లగా చెప్పడం వకుళ చెవిన పడింది.

రవిచంద్ర కొత్త జవాబులు పంపాడు. ఆమె వాటిని తెరిచి చూడలేదు. స్నానం చేస్తున్నా, బస్సులో నిలబడ్డా, ఆ గడ్డం మనిషి చూపు ఎదుటే ఉండేది.

అట్లాంటి రోజుల్లో నగరి నుంచి మునిలక్ష్మి వచ్చింది. పెళ్ళయినప్పటి నుంచి మగ్గాల షెడ్డులో పనిచేస్తున్న మనిషి. వరండాలో మూడుసార్లు పిలిచినా పలకలేదు. కానీ పరీక్షలో కూర్చోబెడితే ప్రతి చప్పుడుకూ చెయ్యెత్తింది. గీత పడుచుపిల్ల చెవిలా నున్నగా వచ్చింది. వకుళకు అనుమానమొచ్చి చప్పుడు పంపకుండా ఉత్త బొత్తాం నొక్కింది. చెయ్యి లేచింది.

అవతలికి వెళ్ళి, పెదాలు కనపడేట్టు ఎదురుగా కూర్చుంది. "అక్కా, అద్దంలోంచి నా వేలు చూస్తా ఉండావా?"

మునిలక్ష్మి సిగ్గుపడింది. చెవిటివాళ్ళ గొంతుతో గట్టిగా అరిచినట్టే చెప్పింది. "సూడకుండా ఎట్టమ్మా? సెవుడని తెలిస్తే షెడ్డాయన రావద్దంటాడు. సెయ్యెత్తితే బాగున్నట్టు గదా, ఎత్తేసినా!"

"అట్లయితే నాకు నీ చెవి సంగతి తెలీదక్కా. నా వేలు సంగతే తెలస్తాది." వకుళ ఆమె కుర్చీని గోడవైపు తిప్పబోయింది.

"వద్దుమ్మా, గోడ తట్టు కూసుంటే బయం. ఎప్పుడెత్తాల్నో నాకు తెలీదు."

"తెలీకపోతే ఊరికే ఉండు. ఊరికే ఉండడం తప్పు గాదు."

ఆ మాట అన్నాక వకుళ ఆమెను గోడవైపు తిప్పి తన కుర్చీలోకి వచ్చిందిగానీ, చాలాసేపు బొత్తాం నొక్కలేదు. అద్దంలోంచి మునిలక్ష్మి వీపు కనిపిస్తోంది. భుజాలు బిగుసుకుని ఉన్నాయి. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఎప్పుడొస్తుందో తెలియని చప్పుడు కోసం కూర్చుంది. చెయ్యి ఒకసారి లేచింది. తర్వాత ఎంతసేపటికో మరొకసారి. ఈసారి గీత గుంటలోకి దిగింది, అందరికీ దిగే చోటే.

వకుళ ఆ సాయంత్రమే రవిచంద్ర దగ్గరికి వెళ్ళి, లండన్‌వాళ్ళతో ఇక మాట్లాడనని, ఉత్తరాన ఉన్నదాంట్లో ముఖాముఖి అడగమని చెప్పింది.

"ఏం మేడమ్, ఎదురుగా ఉండే బస్సు వదిలి, వస్తాదో రాదో తెలీని రైలు కోసం నిలబడతారా?" అన్నాడతను. "వీళ్ళు ఒక్కసారే మాట్లాడతారు. ఈడ గూడా పోయిందంటే ఈ ఏడు అయిపోయినట్టే."

ఆ మాట ఆమెకు తెలియనిది కాదు. మెట్లు దిగింది. మళ్ళీ పైకెక్కి లండనే కానీండి అందామని రెండు మెట్లు ఎక్కింది కూడా. ఎక్కినచోట కాసేపు కమ్మీ పట్టుకుని నిలబడి, దిగి వచ్చేసింది.

ఇంట్లో సంపత్కుమార్‌కు చెప్పింది. "ఆ ఊళ్ళో మనవాళ్ళు ఎవురుండారు?" అన్నాడాయన.

"ఎవరూ లేరు నాయనా."

"మరి నీకు మాట తప్పితే ఎవురందుకుంటారు తల్లీ?"

నారాయణి అడిగింది, "నీకు భయం లేదా వకుళా?"

"లేకేమమ్మా, ఉండాది. లండన్ ఎందుకని అడిగితే నా దగ్గర ఏమీ లేదు. ఇది ఎందుకని అడిగితే ఉండాది. నోట్లోకి వస్తాదో రాదో తెలీదు."

రెండో ముఖాముఖి రోజు ఆమె తండ్రిని గుడికి పొమ్మంది. ఆయన పోలేదు, ఇంట్లోనూ ఉండలేదు. చెప్పులు లేకుండా ఎండలో అరుగు మీద కూర్చున్నాడు. తెర మీద ఈసారి ఒక నడివయసు ఆవిడ. ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా అని ముందే అడిగింది. మా అమ్మ వంటింట్లో ఉంది, మా నాన్న అరుగు మీద ఉన్నారు, ఆయనకు భయంగా ఉంది అంది వకుళ. ఆవిడ చిన్నగా నవ్వింది. మా దగ్గరికే ఎందుకు రావాలనుకున్నారు అని అడిగింది.

బావి నోరు తెరిచింది. తలుపు వెనక ఎవరూ లేరు. ఫ్యాను తిరుగుతోంది. సందులో ఉల్లిపాయల ఆటో మైకులో అరుస్తూ పోతోంది. ఊరికే ఉండడం తప్పు కాదని ఆమె తనకు తాను చెప్పుకుంది. చెప్పుకున్నా చెమట ఆగలేదు. ఆటో సందు మలుపు తిరిగేదాకా ఆ ఎడంలోనే ఉంది. పని ముగించి ఇంటికొచ్చినా మగ్గం రొద చెవుల్లోనే ఉండే మునిలక్ష్మి అప్పుడు వకుళ మాటల్లోకి వచ్చింది. ఇంగ్లీషు అక్కడక్కడా విరిగింది. రొదను ఎట్లా తగ్గించగలరనుకుంటున్నారు అని ఆవిడ అడిగితే తెలియదంది. తెలిస్తే అంతదూరం రానంది. చలీ చీకటీ తట్టుకోగలరా అంటే అదీ తెలియదంది. ఆవిడ రాసుకుని, కృతజ్ఞతలు చెప్పి వెళ్ళిపోయింది. తెర నల్లబడ్డాక వకుళకు అందులో తన ముఖం కనిపించింది. పాడుచేసుకున్నాననే అనుకుంది.

బయటికొస్తే సంపత్కుమార్ అరుగు దిగి ఎదురొచ్చాడు. "అయిందా? ఏమడిగినారు? నువ్వేం చెప్పినావు? చెప్పు, ఒకసారి విందాం."

ఆమె చెప్పబోయింది. ఎక్కడ మొదలుపెట్టిందో, ఏ మాట తర్వాత ఏ మాట అందో వెతుక్కుంది. "గుర్తు లేదు నాయనా."

ఆయన బిత్తరపోయి చూశాడు. పలికిన మాట పలికినట్టు నిలవకపోవడం ఆ ఇంట్లో అదే మొదలు.

తర్వాతి వారమంతా ఫోను మోగితే ముగ్గురూ ఉలిక్కిపడేవాళ్ళు. శుక్రవారం సాయంత్రం జవాబు వచ్చింది. రమ్మన్నారు, వీసా కాగితం పంపుతున్నామన్నారు. నారాయణి పరుగున పోయి చక్కెర తెచ్చి కూతురి నోట్లో పోసింది. అది కరిగేలోపే వకుళకు ఆ ఊరు కళ్ళముందు నిలిచింది. మధ్యాహ్నం మూడున్నరకు చీకటి, సముద్రపు గాలి, పేరు పెట్టి పిలిచే దిక్కులేని వీధి. ఇన్నాళ్ళూ రాదేమోనన్న భయం ఉండేది. అది పోయిన చోట ఇంకోటి వచ్చి కూర్చుంది.

సంపత్కుమార్ పక్కకు వచ్చి కూర్చున్నాడు. "భయంగా ఉండాదా?"

"ఉండాది."

ఆయన నోరు తెరిచాడు. ఏదో అందుకోబోయి, మళ్ళీ మూసుకున్నాడు. ఇద్దరూ గోడవైపు చూస్తూ కూర్చున్నారు.

"ఏం, తండ్రీకూతుళ్ళిద్దరూ మూగనోము పట్టినారా?" వంటింట్లోంచి అరిచింది నారాయణి. "కాఫీ చల్లారిపోతా ఉండాది."

ఇద్దరిలో ఎవరూ వెంటనే లేవలేదు.