పెరాబోలా అడుగు వెతికిన ఆదిలక్ష్మి

2022 నాటి సంగతి. తెనాలిలో హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేస్తూ, ఆదివారాలు రేపల్లె వెళ్ళి ఓపెన్ స్కూల్ పదో తరగతి వాళ్ళకు పాఠం చెప్పేవాణ్ణి. ఓపెన్ స్కూలంటే ఎప్పుడో బడి మానేసినవాళ్ళు పెద్దయ్యాక పరీక్ష రాసుకునే వీలు. పాసింజరు రైల్లో నిలబడి వెళ్ళి దిగేసరికి నా ఓపిక సగం కరిగిపోయేది. అసలే నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

ఆ బ్యాచ్‌లో ఆదిలక్ష్మి అని ముప్పై నాలుగేళ్ళ ఆవిడ ఉండేది. నిజాంపట్నం వైపు సముద్రపు ఒడ్డు ఊరు. భర్త బోటు మీద వేటకు వెళ్తాడు. ఆమె వాళ్ళ ఊరి అంగన్‌వాడీలో ఆయా. అక్కడి టీచరు ఆ ఏడాది రిటైరవుతోంది. పది పాసైన సర్టిఫికెట్ ఉంటే ఆ పోస్టు ఆదిలక్ష్మికి దక్కుతుంది, లేకపోతే బయటి నుంచి ఇంకెవరో వస్తారు. మిగతా సబ్జెక్టులన్నీ గట్టెక్కింది గానీ లెక్కలు రెండుసార్లు తప్పింది. ఇది మూడోసారి, పోస్టు విషయంలో చివరిసారి కూడా.

పరీక్షలో గ్రాఫ్ ప్రశ్న తప్పకుండా వస్తుంది. x స్క్వేర్ ఉన్న సమీకరణం ఇచ్చి గీత గీయమంటారు. గిన్నెలా వంగిన ఆ గీతే పెరాబోలా. గిన్నె అడుగున ఉన్న బిందువును వెర్టెక్స్ అంటాం. అందరు మాస్టార్లలాగే నేనూ ఒక అడ్డదారి చెప్పేవాణ్ణి. x కి మైనస్ మూడు నుంచి మూడు దాకా విలువలు వేసి, వచ్చిన చుక్కలు కలిపేయండి, మార్కులు పడతాయి అని. ఇరవై ఏళ్ళుగా అదే మంత్రం.

ఆ రోజు బోర్డు మీద y = x² − 8x + 12 రాశాను. అందరూ మంత్రం ప్రకారం టేబుల్ వేశారు, దాన్నే నేను బోర్డు మీద ఎక్కించాను. నలభై అయిదు, ముప్పై రెండు, ఇరవై ఒకటి, పన్నెండు, అయిదు, సున్నా, మైనస్ మూడు. చుక్కలు కలుపుతుంటే ఆదిలక్ష్మి లేచింది.

"సార్, ఇది పడిపోతానే ఉందండి. అడుగేదండి?"

"చుక్కలు కలిపావా? మార్కులొస్తాయి. కూర్చోమ్మా," అన్నాను.

"అడుగు లేకండా గిన్నె ఎట్టా అవుద్ది సార్?"

క్లాసంతా నవ్వింది. నాకు చిర్రెత్తుకొచ్చింది. "అయితే నువ్వే వెతుక్కో," అని సుద్దముక్క ఆమె చేతికిచ్చేశాను.

ఆమె బెదరలేదు. టేబుల్ వంక కాసేపు చూసింది. "సున్నా దగ్గర పన్నెండుందండి. అవతలి పక్క కూడా ఇదే పన్నెండు ఎక్కడో ఉండాలి గదండి," అంటూ ఒక్కొక్క అంకె వేసుకుంటూ పోయింది. ఎనిమిది దగ్గర మళ్ళీ పన్నెండు వచ్చింది. వెంటనే నాలుగు దగ్గర వేలు పెట్టింది. "అడుగు ఇక్కడండి. మైనస్ నాలుగు."

సరిగ్గా అదే. ఎలా తెలిసిందని అడిగాను.

"వల తాడుకి నడిమి గుర్తు పెట్టాలంటే మేం టేపు పెట్టి కొలవం సార్. రెండు కొసలూ కలిపి లాగుతాం. మడత పడ్డ చోటే నడుము."

పెరాబోలాను నిలువుగా మడిస్తే రెండు పక్కలూ ఒకదాని మీద ఒకటి పడతాయి. ఆ మడత మీదే వెర్టెక్స్ ఉంటుంది. పుస్తకంలో ఉన్నదే, నేనే ఎప్పుడూ చెప్పలేదు. అయినా నా బుద్ధి ఊరుకుంటుందా? x పక్కనున్న అంకెలో సగం అని గుర్తుపెట్టుకుని ఉంటుందేమోనని, ఈసారి 2x² − 12x + 7 రాశాను.

"ఆరండి," అంది గబుక్కున. నేను నవ్వబోయాను. ఆమె మాత్రం ఆరు వేసి చూసుకుంది. "కాదండి సార్, ఉండండి. సున్నా దగ్గర ఏడు, ఆరు దగ్గరా ఏడేనండి. అంటే ఆరు అవతలి కొస. నడుము మూడు!"

మూడు వేస్తే మైనస్ పదకొండు. పక్కనే నేను −b/2a అని సూత్రం రాశాను. x పక్క అంకెకు గుర్తు మార్చి, x స్క్వేర్ పక్క అంకెకు రెట్టింపుతో భాగించడం. మూడే వచ్చింది. నేను ఏనాడో బట్టీ పట్టిన సూత్రాన్ని ఆమె నా కళ్ళ ముందే చేత్తో తయారు చేసింది. నిజం చెప్పాలంటే నాకు ఒళ్ళు పులకరించింది. నేను వేయించిన టేబుల్‌ను తుడిచేసి, "నేను చెప్పింది తప్పు. ఆదిలక్ష్మి చెప్పినట్టు చేయండి," అన్నాను.

పరీక్ష బాపట్లలో పడింది. హాల్లోంచి బయటికి రాగానే ఫోన్ చేసింది.

"x² + 6x + 5 ఇచ్చారు సార్. సున్నా దగ్గర అయిదండి. రెండో అయిదు కోసం కుడిపక్కకి పోతే పెరుగుతానే ఉంది. ఎడమ పక్కకెళ్తే మైనస్ ఆరు దగ్గర దొరికింది. నడుము మైనస్ మూడు పెట్టి, అటూ ఇటూ సమానంగా గీశానండి."

"బ్రహ్మాండం తల్లీ," అన్నాను.

పాసైంది. ఆ పోస్టు కూడా వచ్చింది.

మరుసటి ఏడాది వాళ్ళ ఊరి నుంచి ముగ్గురు ఆడవాళ్ళు అడ్మిషన్‌కు వచ్చారు. రేపల్లెలో ఇంకో సెంటరు బస్టాండుకు దగ్గర కదా, ఇంత దూరం ఎందుకొచ్చారమ్మా అని అడిగాను. వాళ్ళలో పెద్దావిడ మొహమాటపడుతూ చెప్పింది.

"మా టీచరమ్మ ఇక్కడికే వెళ్ళమందండి. ఆ సారు కోప్పడతారంట గానీ, తప్పయితే అందరి ముందూ తప్పని ఒప్పుకుంటారంట."

ఇన్నేళ్ళ సర్వీసులో నా గురించి ఇంత మంచి మాట ఎవరూ అనలేదు. ముగ్గురికీ కుర్చీలు నేనే తెచ్చి వేశాను.