సోమప్ప మోకాళ్ళు

యాడికిలో సోమప్పను "బాగుండావా?" అని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. అడిగినారా, అయిపోయినారు. మడమ కాడ మొదలుపెట్టి, మోకాళ్ళ మీదుగా నడుముకెక్కి, మెడ కాడ కాసేపు నిలబడి, తలనొప్పితో ముగిస్తాడు. అంతలో మీ బస్సు పోయింటుంది. బస్టాండు పక్కనే ఆయన టిఫిన్ అంగడి. బొరుగుల ఉగ్గాని తినేదానికి పోయినోళ్ళకు ఉగ్గానికి దుడ్లు, నొప్పులు మాత్రం ఉత్తపుణ్యానికే. ఆయన భార్య నల్లమ్మ అయితే "మా ఆయన ఒంట్లో నొప్పి పుట్టని చోటు నాలిక ఒక్కటేనమ్మా" అనేది.

ఒకసారి తాడిపత్రి బస్సులో "అయ్యో నా నడుమో" అని పెట్టిన కేకలకు కాలేజీ పిల్లోడొకడు బెదిరిపోయి సీటు ఇచ్చేసినాడు. సోమప్ప కూర్చున్నాడో లేదో, "అబ్బబ్బ, కూర్చుంటే ఇంకా పోటు" అని లేచి నిలబడినాడు. ఆ సీట్లో చంటిబిడ్డ తల్లి ఎవరో కూర్చుండె. "సీటు పోగొట్టుకునేదానికి అంత అరవల్లనా?" అని పక్కనే ఉన్న సురేంద్ర కడుపుబ్బ నవ్వినాడు.

సురేంద్ర శెనక్కాయల మిల్లులో గుమాస్తా, సోమప్పకు చిన్నప్పటి జతగాడు. బోరుమోటార్లు బాగుచేసే మారెప్ప, బడిపంతులు బయ్యన్నతో కలిపి నలుగురిదీ ఒక జట్టు. ఏటా శెనక్కాయ పీకినాక ఏదో ఒక కొండ ఎక్కేది వాళ్ళ ఆనవాయితీ. ఆ జట్టులో ఒక పాడు చట్టం ఉండె. ఎక్కలేనోడు కిందనే కూర్చుని సంచులకు కావలి ఉండాల. నిరుడు పెనుకొండలో, అప్పటిదాకా జట్టులో ఐదోవాడుగా ఉండిన శ్రీరంగప్పను అట్లనే కూర్చోబెట్టి పోయినారు. ఈ ఏడు, అంటే రెండువేల ఒకటిలో, గుత్తికోటకు పోదామనుకున్నప్పుడు ఆ మనిషికి చెప్పల్లని కూడా ఎవరికీ తోచలేదు.

సురేంద్ర గుండెల్లో రాయి పడింది అందుకే. మిల్లు దుమ్ము పీల్చి పీల్చి ఆయనకు ఆయాసం పట్టుకుండె. ఆ సంగతి ఇంట్లో భార్య పుష్పావతికి తప్ప ఎవరికీ తెలీదు.

"పోవద్దు. కొండ యాడికీ పోదు" అన్నది పుష్పావతి.

"కొండ పోదు, జట్టు పోతుంది. ఈపొద్దు పోకపోతే వచ్చే ఏటికి నేనూ శ్రీరంగప్పనే" అన్నాడు సురేంద్ర.

గుత్తిలో బస్సు దిగి తలెత్తి చూస్తే కోట మబ్బుల్లో ఉండాది. "నడవండప్పా, ఎండెక్కక ముందే కొండకొన మీద మురారిరావు దొర గద్దె కాడికి చేరాల" అని బయ్యన్న గొడుగు చంకన పెట్టుకుని ముందుకురికినాడు. మొదటి వాకిలి దాటి మలుపు తిరిగేసరికే సురేంద్ర గొంతులో పిల్లికూతలు మొదలైనాయి. గోడకు చెయ్యి ఆనించి, ఇంక దాచేదానికి కాదురా దేవుడా అనుకుంటాండగా వెనకనుంచి ఒక కేక.

"పోయె! నా మోకాలు పోయె!"

"ఏమైందన్నా?" అని మారెప్ప వెనక్కి ఉరికొచ్చినాడు.

"లోపల బొమికలు కొట్లాడుకుంటాండాయి. వాటి పంచాయితీ తెగేదాకా నేను కదల్ను."

"అయితే సంచులు చూసుకుంటా ఈడనే కూర్చో" అన్నాడు బయ్యన్న.

"కూర్చుంటా, నాదేం పోయె! ఉగ్గాని మూట నా నెత్తిన ఉండాది. మీరు పైన రాళ్ళు నమలండి."

బయ్యన్న ముందుకేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు. సురేంద్ర రాయి మీద కూలబడి, "నీతో వస్తే ఇంతేలే" అని అందరికీ వినపడేటట్లు విసుక్కున్నాడు. లోపల మాత్రం, నీ మోకాలు చల్లగుండ నాయనా, అని దండం పెట్టుకున్నాడు.

ఇంకో వాకిలి కాడ సోమప్పకు పిక్క పట్టుకుంది. ఆపైన కంట్లో నలుసు పడింది.

"నలుసు పడింది కంట్లో గదప్పా, కాళ్ళకేమొచ్చె?" అని బయ్యన్న గొడుగు నేలకేసి కొట్టినాడు.

"కనపడక లోయలో పడితే మా నల్లమ్మకు నువ్వు జవాబు చెప్తావా?"

నల్లమ్మకు జవాబు చెప్పగలిగిన మగోడు యాడికిలో లేడు. బయ్యన్న కూడా కూర్చున్నాడు.

ఎట్లైతేనేం, గద్దె చేరినారు. చుట్టూ ఎర్రనేల, బోడిగుట్టలు, కింద దారప్పోగుల మాదిరి రైలుపట్టాలు. ఒళ్ళంతా చల్లగాలి తగిలేసరికి సురేంద్రకు కండ్లలో నీళ్ళు తిరిగినాయి. ఎక్కినా, నేను కూడా ఎక్కినా అనుకున్నాడు.

సోమప్ప మూట విప్పినాడు. విప్పిన మరుక్షణం ఒక కోతి వచ్చి పూర్ణం ఓళిగల పొట్లం ఎత్తుకుని లగెత్తింది.

"ఒసే దొంగముండా! నా ఓళిగలు!"

సోమప్ప పంచె ఎగ్గట్టి, రాయి మీదినుంచి రాయి మీదికి మేకపోతు మాదిరి దూకుతా బురుజు దాకా తరిమినాడు. ఆ రాకడ చూసి కోతి జడుసుకుని పొట్లం పారేసింది. సోమప్ప పొట్లం పట్టుకుని వచ్చినాడు. ముగ్గురూ తెరిచిన నోరు మూయలేదు.

"అన్నా, మోకాలు?" అన్నాడు మారెప్ప.

సోమప్ప తన మోకాళ్ళను ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు. "కొండగాలికి సర్దుకున్నట్టుండాదప్పా" అన్నాడు.

మారెప్ప, బయ్యన్న పడీపడీ నవ్వినారు. సురేంద్రకు మాత్రం నవ్వు రాలేదు. తాను గోడకు చెయ్యి ఆనించినప్పుడు మోకాలు, వాకిలికి ఒరిగినప్పుడు పిక్క, చెమట తుడుచుకుంటా ఆగినప్పుడు నలుసు. బస్సులో చంటిబిడ్డ తల్లి కూడా గుర్తుకొచ్చింది.

"నీకెట్ల తెలిసె?" అన్నాడు మెల్లగా.

"పొద్దున్నే మా అంగడి మెట్లెక్కి, టీ చల్లారేదాకా ఎగపోస్తా కూర్చుంటావు. నాకు నొప్పులే గానీ చెవుడు లేదు. తిను" అని సోమప్ప ఓళిగ చేతిలో పెట్టినాడు.

దిగేటప్పుడు ఒక వింత జరిగింది. సోమప్ప నోట ఒక్క నొప్పీ రాలేదు. అనుమానమొచ్చి సురేంద్ర వెనకనుంచి చూసినాడు. కోతి వెంట ఉరికినప్పుడు కాలు మడతపడినట్టుండాది, చీలమండ వాచి, పాపం, పండ్లు బిగబట్టి నడుస్తాండాడు. ఇప్పుడు అరిస్తే నమ్మేదెవరు? జన్మకొక నిజం నొప్పి వచ్చె, చెప్పుకునే దారి లేకపోయె.

సురేంద్ర దబ్బున మెట్టు మీద కూలబడినాడు.

"పోయె! నా నడుము పోయె!"

"నీకూ అంటుకునెనా ఈ రోగం?" అని బయ్యన్న నెత్తి కొట్టుకున్నాడు.

"అంటుకున్నట్టే ఉండాది. మీరు పోతాండండి. సోమప్పా, నొప్పుల సంగతి నీకే తెలుసు, రా, కూర్చుని చూడు."

సోమప్ప కూర్చుని, వాచిన కాలు చాపుకుని, హమ్మయ్య అన్నాడు. ఆపైన సురేంద్ర నడుము నొక్కుతా ఆయన చెవిలో గొణిగినాడు. "కేక బాగలేదప్పా. కడుపులోనుంచి రావాల."

"నేర్చుకుంటాలే. వచ్చే ఏడు శ్రీరంగప్పను కూడా పిల్చుకురావాల" అన్నాడు సురేంద్ర.

"పిల్చుకొద్దాం. ఆయనకు సరిపడా నొప్పులు నా కాడ ఇంకా ఉండాయి" అన్నాడు సోమప్ప.