నిచ్చెన మీద బావ

ఆ రోజుల్ల నా కోపం ముక్కు మీదనే ఉండె. ఇప్పుడు అక్కడ కళ్లద్దాలు వచ్చినయి గని, ఈ ముచ్చట యాదికొస్తె ఇప్పటికీ ఒళ్లు మండుతది. హన్మకొండల ఒక ఫ్లెక్సీల దుకాణంల డిజైన్ పని జేస్తుంటి. పొద్దంత జీతానికి అందరి మొకాలు తెల్లగ జేసుడు, పొద్దుమీకినంక మా బుల్లెట్ అన్న పార్టీకి జెండాలు గట్టుడు (అన్న బుల్లెట్ బండి మీద తిరుగుతుండె, పెట్రోలు మేం పోయిస్తుంటిమి). మడికొండల ఉండే మా అక్క మొగడేమో అవతలి పార్టీ. కార్పొరేషన్ ఓట్లప్పుడు పోలింగ్ కాడ బావ, నేను కాలర్లు పట్టుకున్నం. బావ అంగీ గుండీలు తెగినయి, నా చెప్పు మురికి మోరీల వడ్డది. "నీ గడప తొక్క పో!" అన్న. "నా పెండ్లాన్ని గూడ మీ గడప తొక్కనియ్య!" అన్నడు. అన్నట్టే బతుకమ్మకు అక్కను తోలలేదు. నేను తంగేడు పువ్వు తెచ్చి ముంగటేస్తె, "బిడ్డ లేని పండుగ నాకెందుకురా?" అని అమ్మ కండ్లొత్తుకున్నది.

పండుగ ఆఖరి రోజు సద్దుల బతుకమ్మ రేపనంగ, బుల్లెట్ అన్న దుకాణంలకు వచ్చిండు. అవతలి పార్టీ లీడరు భుజం మీద చెయ్యేసుకొని! మేయర్ కుర్చి ఒకరికి, డిప్యూటీ కుర్చి ఇంకొకరికట.

"తమ్మీ, ప్రజల కోసం ఒక్కటైనం అని పెద్ద ఫ్లెక్సీ కొట్టు. మొకాలు సమానంగుండాలె."

"మీ కోసం కొట్టుకొని మేం మాటలు బంద్ జేస్తిమి గదనే! మా అక్క పండుగకు రాకపాయె!"

"రాజకీయాలు ఇంట్లకు తేవొద్దు తమ్మీ" అన్నడు. సిగ్గుండాలె మనిషికి! ఇద్దరు వన్ బై టూ చాయ్ తాగి, ఒక్క కార్ల పోయిన్రు. ఫ్లెక్సీ కట్టెతందుకు అవతలాయన తన మనిషిని తోలిండు. ఎవరనుకున్నరు? మా బావ!

చౌరస్తాల బావ నిచ్చెన ఎక్కిండు, నేను కింద పట్టుకున్న. పైన తాడు గుంజుతాంటె నిచ్చెన ఊగింది.

"బామ్మర్దీ, గట్టిగ పట్టుకో!"

"అక్కను తోలుతవా లేదా, ముందు అది చెప్పు."

"ఇది అడిగే జాగనా?"

నేను ఒక చెయ్యి ఇడిసిన.

"తోలుతరా నాయనా! ఇయ్యాలనే తోలుత, పట్టుకోరా!"

పొద్దుమీకెవరకు అక్క ఇంట్ల ఉన్నది. అమ్మ, అక్క నవ్వుకుంట పువ్వులు ముంగటేసుకొని కూసున్నరు. కొన్నాళ్లకే ఆ లీడర్లు మళ్ల విడిపోయి మైకుల తిట్టుకున్నరు. మేం మాత్రం మళ్ల కాలర్లు పట్టలే. ఆ లీడర్ల మీద ఒళ్లు మండుతది గని, నిచ్చెన కింద నిలవడ్డ అప్పటి నేను, ఆ పోరడు, యాదికొస్తె నవ్వొస్తది. పార్టీని నిలవెడుతాన్న అనుకునేటోడు పాపం. వాడు నిలవెట్టిందల్ల బావనొక్కన్నే.