డిక్కీలో బియ్యం బస్తా

లాక్‌డౌన్‌లో ఏమీ తోచక మా ఆయన పాత కారు డిక్కీలో బేస్ మోత కోసం సబ్‌వూఫర్ స్పీకరు బిగించుకున్నారు. ఒక శనివారం మ్యూనిక్‌లో మూసేసిన ఓ ఫర్నిచర్ షాపు పార్కింగ్‌లో ఆయన వెచ్చగా లోపల కూర్చుని పాట పెడితే, నేను చలిలో వెనక నిలబడి ఏది అదురుతోందో చెప్పాలి. రెండు గంటలు బేస్ పెంచారు, తగ్గించారు. చివరికి నంబర్ ప్లేటు కూడా చప్పుడు చేయలేదు. ఆయన మురిసిపోయారు.

పొద్దున ఇండియన్ షాపులో కొన్న ఇరవై కిలోల బియ్యం బస్తా డిక్కీలోనే ఉంది. ఇంటికెళ్లాక దాన్ని పైకి మోశారు. మర్నాడు పాట పెడితే డిక్కీ అంతా గడగడమంది. ఆయన ట్యూన్ చేసింది బస్తాతో కలిపి!

"మళ్లీ ట్యూన్ చేసుకుంటే పోలా?" అన్నాను.

"అంత బాగా మళ్లీ కుదరదోయ్. ఇంట్లో పాత బియ్యం ఉన్నాయిగా" అంటూ బస్తాను కిందికి మోసుకెళ్లారు.

నెల తిరిగేసరికి ఆ పాత బియ్యం నిండుకున్నాయి. నేను గిన్నె, గ్లాసు పట్టుకుని డిక్కీ తెరిస్తే ఆయన వెనకే వచ్చారు.

"ఒక్క గ్లాసే తియ్యి. బేస్ మారిపోతుంది."

కావాలనే మూడు తీశాను. తేడా వినిపించిందని ఇప్పటికీ అంటారు.