తంగేడాకు మీది నల్ల గుడ్లు

1955. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. నేను ఆలూరు ప్రాంతంలో వ్యవసాయ శాఖ డిమాన్‌స్ట్రేటర్‌ని. అంటే విత్తనాలూ మందులూ సైకిలు మీద ఊరూరా తిప్పి, రైతులకు చేసి చూపించే ఉద్యోగం. ఊళ్లవాళ్లకు మాత్రం నేను పురుగుల సారుని. పురుగు ఏదో తెలిసినన్నాళ్లూ ఆ పేరు నాకు బాగానే ఉండేది.

తొలకరి పడి వేరుశనగ, అక్కడి మాటలో బుడ్డలు, మొలకెత్తిన వేళ ఒక ఊరి నుంచి పిలుపొచ్చింది. వెళ్లేసరికి తిప్పమ్మ తన చేను గట్టు మీద చేతులు చాచి అడ్డంగా నిలబడి ఉంది. భర్త పోయినామె. చేను చుట్టూ ఒత్తుగా తంగేడు కంచె. ఆ తంగేడు చెక్క వలిచి, ఎండబెట్టి, తోళ్లు పదును చేసేవాళ్లకు అమ్ముకుంటేనే ఆమెకు గడిచేది. పక్క చేను బసప్ప ఆ కంచెకు నిప్పు పెడతానంటున్నాడు.

"చూడు సారూ, ఆకుల నిండా కంబళి పురుగు గుడ్లు. ఇవి పగిలినాయంటే మా బుడ్డల చేలు బోడి అయిపోతాయి" అన్నాడు బసప్ప.

"కాల్చేదానికి ఇది నీ అబ్బ సొమ్మా? దినామూ పచ్చ సీతాకోకచిలుకలు వస్తాండాయి. వాటి గుడ్లు ఇవి" అంది తిప్పమ్మ.

భూతద్దం తీశాను. సీతాకోకచిలుక గుడ్లు ఒక్కొక్కటిగా ఉంటాయి. ఇవి గుంపులుగా ఉన్నాయి. దీన్ని మేము ఎగ్ మాస్ అంటాం, గుడ్ల ముద్ద అన్నమాట. బసప్ప మాటే నిజమనిపించింది. తీరా చూస్తే కొన్ని ఆకుల మీద గుడ్లు పసుపుగా, కొన్నిటి మీద బొగ్గులా నల్లగా ఉన్నాయి. పగిలే ముందు రంగు మారడం మామూలే గానీ, ఇంత నలుపు నేను చూడలేదు. ఇద్దరూ నా మొహం కేసే చూస్తున్నారు. నాకేమో బుర్ర పనిచేయడం లేదు. ఏ గుడ్డులోంచి ఏమొస్తుందో నేను చూసి చెప్పేదాకా ఆగమని చెప్పి, రెండు రకాల ఆకులూ కోసుకుని బయటపడ్డాను.

బసలో వాటిని లాంతరు చిమ్నీల్లో పెట్టి, రెండువైపులా గుడ్డ కట్టాను. బ్రీడింగ్ అంటే ఇంతే, గుడ్లను పగలనిచ్చి ఏం వస్తుందో చూడటం. పసుపు గుడ్లలోంచి బసప్ప చెప్పిన కంబళి పురుగులే, అంటే ఒంటి నిండా నూగున్న గొంగళి పురుగులే వచ్చాయి. నల్లవాటిలోంచి పురుగు రాలేదు. గాజు మీద దోమకన్నా చిన్న ఈగలు తిరుగుతున్నాయి! బయటినుంచి దూరాయనుకుని తిట్టుకుంటూ గాజు కడిగేశాను. మళ్లీ నల్ల గుడ్లు తెచ్చి, ఈసారి ధోవతి గుడ్డ గట్టిగా కట్టాను. మళ్లీ అవే ఈగలు. భూతద్దంలో చూస్తే ప్రతి గుడ్డుకూ సూది మొన చేసినట్టు కంత. అప్పుడు ట్రైనింగులో విన్న మాట గుర్తొచ్చింది, ఎగ్ పారసైట్. పురుగు గుడ్డులోనే తన గుడ్డు పెట్టి, దాన్ని లోపలే తినేసే ఈగ.

"ఇవి పురుగు గుడ్లే. కానీ నల్లవాటిలోంచి పురుగు రాదు, పురుగును చంపే ఈగ వస్తుంది" అని వెళ్లి చెప్పాను.

బసప్ప నన్ను ఎగాదిగా చూశాడు. "ఏంది సారూ ఇది? కోడిగుడ్డులో నుంచి కాకి వస్తాదా?"

గుడ్లున్న ఆకులన్నీ కోయించి చట్టిలో వేయించాను. నీళ్లు నింపిన గంగాళం మధ్య రాయి పెట్టి, దాని మీద చట్టి ఉంచాం. పురుగు పాకితే నీళ్లలో పడుతుంది, ఈగ ఎగిరిపోయి మిగతా గుడ్లను వెతుక్కుంటుంది. "సరే, చూస్తాం. చేలో పురుగు కనపడిందా, అగ్గిపెట్టె నా జేబులోనే ఉండాది" అన్నాడు బసప్ప. నాకు మాత్రం భయంగానే ఉండింది.

పురుగు రాలేదు. కానీ వానా రాలేదు. తొలకరి తర్వాత మొహం చాటేసింది. వేరుశనగ నిలువునా ఎండిపోయింది. పురుగు రాకపోవడం ఈగల పుణ్యమా, చట్టి పుణ్యమా, కరువు పాపమా? ఎంత ఆలోచించినా తేలలేదు.

చలికాలంలో ఆ దారిన వెళ్తుంటే, కంచె దగ్గర బసప్ప కొడవలితో కూర్చుని కనిపించాడు.

"ఏమప్పా, కాల్చేదానికా?" అన్నాను.

అతను నవ్వలేదు. "చెక్క వలుస్తాండా సారూ. తిప్పక్క ఈ పక్కంతా నన్నే వలుచుకోమనింది. ఇది అమ్మితేనే మా ఇంట్లో పొయ్యి వెలుగుతాండాది."

పురుగు ఎందుకు రాలేదో నాకు ఈనాటికీ తెలియదు. తెలియనప్పుడు కాస్త ఆగమని చెప్పడం కూడా మా ఉద్యోగమేనని మాత్రం అక్కడే తెలిసింది. ఆరోజు నేను తెలిసినట్టు బసప్ప మాటకు తలూపి ఉంటే, కంచె కాలిపోయి, ఆ కరువులో రెండిళ్ల పొయ్యిలు ఆరిపోయేవి.